స్పేస్ పిచ్చి ఉన్న బడిపిల్ల వెబ్‌కామిక్, ప్రోక్రియేట్ యాప్ – వాడేవాడి రివ్యూ

ముందే చెప్పేస్తా, చేతిలో ఐప్యాడ్ ఉండి, పెన్సిల్ పట్టి గీసే అలవాటు ఉండి, ఒక వెబ్‌కామిక్, అంటే నెట్‌లో పెట్టే బొమ్మల కథ, మొదలుపెట్టాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నవాళ్లు ప్రోక్రియేట్ ధైర్యంగా కొనుక్కోవచ్చు. బొమ్మ గీయడం వరకూ నాకు తెలిసినంతలో ఇంత హాయిగా ఉండే యాప్ ఇంకోటి లేదు. కానీ బొమ్మ గీయడం వేరు, కామిక్ చేయడం వేరు. ప్యానెల్స్, డైలాగులు, ఎపిసోడ్లు, పోయిన ఎపిసోడ్‌లో ఏ చొక్కా వేశాం, ఏ నెలలో ఉన్నాం, ఇదంతా కలిస్తే కామిక్, ఆ రెండో పనిలో ఈ యాప్ మనకి ఎక్కడిదాకా తోడొస్తుందో, ఎక్కడ మనమే చూసుకోవాలో చెబుదామని రాస్తున్నా.

నేను గీసేది మిన్ను అనే పిల్ల కథ. మెల్‌బోర్న్‌లో గ్రేడ్ ఫోర్ చదువుతుంది, తెలుగు ఇంటి పిల్ల, లోకంలో ఏ విషయం మాట్లాడినా చివరికి రాకెట్ దగ్గరికో శని గ్రహం దగ్గరికో తీసుకెళ్లిపోతుంది. కథంతా బడిలోనే, రిసెస్‌లో, లంచ్‌లో, అసెంబ్లీలో, పిల్లలు తమకిష్టమైంది చూపించి క్లాసుకి చెప్పే షో అండ్ టెల్‌లో. పెద్ద సాహసాలేం ఉండవు, అంతరిక్షంలోకి వెళ్లిపోవడాలు ఉండవు, ఒక పిల్ల తన పిచ్చిని మిగతా పిల్లల మధ్య ఎలా మోసుకుని తిరుగుతుందో అదే కథ. అందుకే నాకు యాప్ నుంచి కావాల్సింది ముఖ్యంగా రెండే, పిల్లల మొహాలు ప్రాణంతో రావాలి, ఆకాశం నిజంగా ఇక్కడి ఆకాశంలా రావాలి.

ఇక యాప్ సంగతి. ప్రోక్రియేట్ చేసింది సావేజ్ ఇంటరాక్టివ్ అనే కంపెనీ, వాళ్లది టాస్మేనియాలోని హోబార్ట్. 2011లో వచ్చింది, 2013లో యాపిల్ డిజైన్ అవార్డు కూడా తెచ్చుకుంది. ప్రపంచమంతా వాడే యాప్ ఒకటి ఆస్ట్రేలియా అడుగున ఉన్న ఆ చిన్న ఊళ్లోంచి వచ్చిందంటే నాకు భలే ఇష్టంగా అనిపిస్తుంది, పైగా ఏళ్లుగా దాంతో పాటు వస్తున్న బ్రష్‌ల పేర్లు చూడండి, థైలసిన్ అని ఒకటి, అంటే 1936లో హోబార్ట్ జూలో ఆఖరిది చనిపోయిందే ఆ టాస్మేనియన్ టైగర్, ఫ్రేసినే అని ఇంకోటి, అది అక్కడి సముద్రపు ఒడ్డున ఉన్న ద్వీపకల్పం. ఆస్ట్రేలియా బడి కథని ఆస్ట్రేలియాలో తయారైన బ్రష్‌లతో గీయడంలో ఒక తృప్తి ఉంది, అది రేటింగ్‌లో లెక్కలోకి రాదనుకోండి.

ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా డబ్బులు కట్టక్కర్లేదు. ఖాళీ టైములో మెల్లిగా గీసుకునేవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం అండీ, ఎందుకంటే కామిక్ అనేది మూడు నెలలు ఆగిపోయి మళ్లీ మొదలయ్యే వ్యవహారం, పిల్లలకి స్కూల్ హాలిడేస్ వస్తే మన చేతిలో పెన్ను ఉండదు, ఆ ఆగిపోయిన నెలలకి కూడా డబ్బు కడుతుంటే మనసు పీకుతుంది. ఇంకొకటి, 2024 ఆగస్టులో వీళ్లు జెనరేటివ్ ఏఐని తమ యాపుల్లో పెట్టబోమని బహిరంగంగా చెప్పారు. ఎవరి అభిప్రాయం వాళ్లది, నాకు మాత్రం అది నచ్చింది. చేత్తో గీయడం నేర్చుకుంటున్నవాడికి పక్కన ఇంకెవరో గీసి పెడతా గీసి పెడతా అంటూ ఉండకపోవడమే కావాలి.

గీయడం మొదలుపెడితే ముందు తెలిసేది ఏంటంటే స్క్రీన్ మీద బటన్లు దాదాపు ఉండవు. రెండు వేళ్లతో తడితే అన్‌డూ, మూడు వేళ్లతో తడితే రీడూ, వేలు నొక్కి పట్టుకుంటే అక్కడున్న రంగు చేతికొస్తుంది, రంగుని లాక్కెళ్లి గీత లోపల వదిలితే నిండిపోతుంది. ఇవి వేళ్లకి అలవాటైపోయాక యాప్ ఉందన్న సంగతే మర్చిపోతాం. పిల్లల మొహాలకి నేను ముందు సిక్స్ బీ పెన్సిల్ అనే బ్రష్‌తో రఫ్ గీసి, ఆ లేయర్‌ని (లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరుచుకునే పారదర్శక కాగితం లాంటిది) పలచగా చేసి, పైన కొత్త లేయర్ మీద స్టూడియో పెన్‌తో ఫైనల్ గీత లాగుతా. స్ట్రీమ్‌లైన్ అని ఒక సెట్టింగ్ ఉంది, చెయ్యి వణుకుని సర్దేస్తుంది. దాన్ని మరీ పెంచితే గీత నున్నగా వచ్చి మొహంలో ప్రాణం పోతుంది, కాబట్టి హెల్మెట్లకీ బల్లలకీ పెంచుకోండి, కళ్లకీ నోటికీ తగ్గించుకోండి. మిన్ను ఏదో చెప్పబోయి ఆపుకునే మొహం ఉంటుంది, పెదాలు కొద్దిగా లోపలికి లాక్కుని, కనుబొమ్మలు పైకి లేచి, టీచర్ వేరే పిల్లాడిని అడిగినప్పుడు పెట్టే మొహం అది, ఆ పెదవి గీత ఒక్క వెంట్రుకంత వంగినా అలిగినట్టు ఉంటుంది, అలిగింది కాదు కదా, ఆపుకుంటోంది. అక్కడ లిక్విఫై వాడతా, గీత మళ్లీ గీయకుండా వేలితో తోసినట్టు తోసి సరిచేసుకోవచ్చు. ఈ ఒక్క పని కోసమైనా నేను ఈ యాప్‌ని వదలను.

గ్రహాలకి క్విక్‌షేప్. గుండ్రంగా గీసి పెన్సిల్ ఎత్తకుండా ఆపితే దీర్ఘవృత్తంగా సర్దుకుంటుంది, రెండో చేతి వేలు స్క్రీన్ మీద పెడితే పక్కా వృత్తం అయిపోతుంది. టెలిస్కోప్ డిష్‌లు గీసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. పార్క్స్ అనే ఊరి దగ్గరున్న రేడియో టెలిస్కోప్ 64 మీటర్ల డిష్‌ని పక్కనుంచి గీయాలంటే ఆ అంచు దీర్ఘవృత్తం సరిగ్గా రావాలి, లేకపోతే గొడుగు తిరగబడ్డట్టు ఉంటుంది. మిన్ను ప్రాజెక్ట్ ఒకటి క్యాన్‌బెర్రా దగ్గర టిడ్బిన్‌బిల్లాలో ఉన్న 70 మీటర్ల యాంటెన్నా మీద, నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 2కి భూమ్మీంచి కమాండ్ పంపగలిగేది అదొక్కటే, ఎందుకంటే ఆ నౌక దక్షిణం వైపు వెళ్లిపోయింది, ఉత్తరార్ధగోళంలో ఉన్న యాంటెన్నాలకి అది కనబడదు. ఆ పిల్ల క్లాసులో నిలబడి "వాయేజర్‌తో మాట్లాడాలంటే అందరూ మన దేశానికే రావాలి" అని చెప్పే ప్యానెల్ గీస్తుంటే నాకే ఛాతీ ఉప్పొంగింది.

ఆకాశం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఆస్ట్రేలియాలో కథ పెట్టి ఉత్తరార్ధగోళం ఆకాశం గీసేస్తే స్పేస్ ఇష్టమున్న పిల్లలు క్షణంలో పట్టేస్తారు. చుక్కల కోసం స్ప్రేపెయింట్స్‌లో ఫ్లిక్స్ అని బ్రష్ ఉంది, ఒక లేయర్ మీద చిన్న సైజులో ఓసారి, ఇంకో లేయర్ మీద పెద్ద సైజులో ఓసారి చల్లితే దగ్గరా దూరం వస్తుంది. కానీ సదరన్ క్రాస్‌ని, అంటే దక్షిణ ఆకాశంలో శిలువలా కనబడే నక్షత్రాల గుంపుని, మాత్రం బ్రష్‌కి వదలకండి, దాని అయిదు చుక్కలూ, పక్కనున్న రెండు పాయింటర్లు ఆల్ఫా సెంటారీ, బీటా సెంటారీ, వేరే లేయర్ మీద చేత్తో పెట్టుకోండి, ఆ లేయర్‌ని దాచుకుంటే ఎపిసోడ్‌లో నెలని బట్టి తిప్పి వాడుకోవచ్చు. కత్తి పట్టిన వేటగాడిలా చెప్పే ఒరాయన్ నక్షత్రాల గుంపు ఇక్కడ తలకిందులుగా ఉంటుంది, ఇక్కడివాళ్లు దాని నడుము భాగాన్ని సాస్‌పాన్ అంటారు, కత్తి కాస్తా గిన్నెకి పిడి అయిపోయింది. పాలపుంత గీసేటప్పుడు వెలుగు గీయడం సగం పనే, మిగతా సగం చీకటి. విక్టోరియాలో టిరెల్ సరస్సు ప్రాంతపు బూరాంగ్ అనే ఆదివాసీ ప్రజలు సదరన్ క్రాస్ పక్కన ఉన్న నల్లటి మచ్చని చింగల్ అనే ఈమూగా చెప్పుకునేవాళ్లు, వాళ్ల నక్షత్ర జ్ఞానం 1857లోనే అచ్చులోకి వచ్చింది. ప్రోక్రియేట్‌లో దీనికి ఎరేజర్‌నే బ్రష్‌గా వాడుకోవచ్చు, మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో పాలపుంత వేసి అదే మెత్తటి బ్రష్‌ని ఎరేజర్‌గా పట్టుకుని ఆ పక్షి తలని మెల్లిగా చెరుపుకుంటూ పోతే వెలుగులోంచి చీకటి ఆకారం వస్తుంది. ఆ కథలు మనవి కావు కాబట్టి నేను మిన్ను చేత ఆ కథ చెప్పించలేదు, బడికి వచ్చిన పెద్దావిడ చెబుతుంటే చాప మీద కూచుని వింటున్నట్టు గీశాను.

చంద్రుడు ఇంకా ముఖ్యం. శుక్లపక్షం అష్టమి నాటి సగం చంద్రుడు మనూళ్లో కుడివైపు వెలుగుతాడు కదా, మెల్‌బోర్న్‌లో ఎడమవైపు వెలుగుతాడు, మచ్చ కూడా తిరగబడి ఉంటుంది. మిన్ను వాళ్ల అమ్మమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడే ఎపిసోడ్ మొత్తం దీని మీదే నడుస్తుంది, "అమ్మమ్మా, నీ చంద్రుడు తలకిందులు" అంటే "నువ్వే తలకిందులుగా ఉన్నావే తల్లీ, నిద్దరపో" అంటుంది ఆవిడ. యాప్‌లో పని చాలా సులువు, చంద్రుణ్ణి ఒకసారి బాగా గీసుకుని ఆ లేయర్‌ని డూప్లికేట్ చేసి, ట్రాన్స్‌ఫామ్‌లోకి వెళ్లి 180 డిగ్రీలు తిప్పేయడమే. ఫ్లిప్ కొట్టకండి, తిప్పాలి. ఫ్లిప్ చేస్తే అద్దంలో బొమ్మ అయిపోతుంది, మచ్చలు తప్పు చోటికి పోతాయి. ఇంకో చిక్కు, టైము. ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఇండియా కంటే నాలుగున్నర గంటలు ముందు, అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా అయిదున్నర గంటలు ముందు. ఇక్కడ చలికాలం రాత్రి తొమ్మిదికి మిన్ను కాల్ చేస్తే అక్కడ సాయంత్రం నాలుగున్నర, ఎండ ఉంటుంది, అమ్మమ్మ వెనకాల కిటికీలో చీకటి గీయకూడదు. ఇలాంటివి గుర్తుపెట్టుకోడానికి నేను ప్రతి ఎపిసోడ్ ఫైల్‌లో అన్నిటికన్నా కింద ఒక నోట్స్ లేయర్ పెట్టుకుంటా, నెల, టర్మ్, టైము, చంద్రుడు ఎలా ఉన్నాడో రాసి దాచేస్తా.

ఆ నెల ఎందుకంటే బడి సంగతుల్లో కూడా అదే కీలకం. విక్టోరియాలో చాలా బళ్లలో ఆగస్టు మధ్య నుంచి ఏప్రిల్ చివరి దాకా బయట ఆడాలంటే టోపీ ఉండాలి, నో హ్యాట్ నో ప్లే, టోపీ మర్చిపోతే నీడలోనే కూచోవాలి. మే, జూన్, జూలైల్లో టోపీలు కనబడవు. అందుకని నేను పిల్లలందరి టోపీలూ ఒక గ్రూపులో పెట్టి ఒక్క టిక్‌తో కనబడేలా, మాయమయ్యేలా చేసుకున్నా, ఒకే గ్రౌండ్ సీన్‌ని వేసవికీ చలికాలానికీ వాడుకోవచ్చు. టోపీ నీడ మాత్రం మొహం లేయర్‌కి క్లిప్పింగ్ మాస్క్‌గా పెట్టండి, మొహం గీత దాటి బయటికి రాదు, టోపీ గ్రూపుతో పాటు దీన్నీ ఆఫ్ చేయడం గుర్తుంచుకుంటే చాలు. సూర్యుడు ఇక్కడ మధ్యాహ్నం ఉత్తరాన ఉంటాడు, జూన్‌లో మిట్టమధ్యాహ్నం కూడా పిల్లల నీడ వాళ్లకంటే పొడుగ్గా దక్షిణం వైపు పడుతుంది. నీడలు గీయడంలో ఈ శ్రద్ధ పెడితే చదివేవాళ్లకి ఎందుకో తెలియకపోయినా ఇది నిజంగా అక్కడి బడే అనిపిస్తుంది.

క్లాస్‌రూమ్‌కి డ్రాయింగ్ గైడ్‌లో పర్‌స్పెక్టివ్ ఉంది, మూడు వానిషింగ్ పాయింట్ల (గీతలన్నీ దూరంగా వెళ్లి కలిసినట్టు కనబడే చోట్లు) దాకా పెట్టుకోవచ్చు, అసిస్ట్ ఆన్ చేస్తే గీతలన్నీ వాటంతటవే ఆ పాయింట్ల వైపు వెళతాయి. నేను గది ఒకసారి గీసి పెట్టుకున్నా, ముందు చాప, వైట్‌బోర్డు, కిటికీ కింద ట్రేలు, తలుపు బయట బ్యాగులు తగిలించే హుక్కులు. ఆ హుక్కుల వరస చాలా పనికొచ్చింది, మిన్ను బ్యాగుకి వేలాడే రాకెట్ కీచైన్ ఒక్కటి ఎక్కడుందో చూస్తే ఆ పిల్ల బడికొచ్చిందో లేదో తెలిసిపోతుంది, డైలాగ్ అక్కర్లేదు. నిజం బడి లోగో గానీ యూనిఫామ్ గానీ గీయకండి, రంగులు మార్చి సొంతంగా తయారుచేసుకోండి, పక్కింటి పిల్లల పోలికలు కూడా అచ్చంగా దింపకండి, ఫొటోలకే బళ్లు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంటే మనం కామిక్‌లో వాళ్లని పెట్టేయడం బాగోదు.

నాకు బాగా ఇష్టమైన ఎపిసోడ్ మ్యాగ్‌పైలది, ఇక్కడి నలుపూ తెలుపూ పక్షులు. సెప్టెంబర్ చుట్టుపక్కల గూళ్లలో పిల్లలున్నప్పుడు కొన్ని మ్యాగ్‌పైలు దారిన పోయేవాళ్ల మీదికి పైనుంచి దూసుకొస్తాయి, అందుకని జనం సైకిల్ హెల్మెట్లకి ప్లాస్టిక్ జిప్ టైలు ముళ్లలా నిలబెట్టి కట్టుకుంటారు. మిన్నుకి అది హెల్మెట్ కాదు, యాంటెన్నాలున్న స్పేస్ హెల్మెట్. లాలీపాప్‌లా ఉండే గుండ్రటి స్టాప్ బోర్డు పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించే ఆయన దగ్గర ఆగి "పర్మిషన్ టు ల్యాండ్" అంటుంది, ఆయన కూడా సీరియస్‌గా "గ్రాంటెడ్" అంటాడు. ఈ హెల్మెట్‌కి సిమెట్రీ గైడ్ పెట్టి సగం గీస్తే మిగతా సగం అదే వచ్చింది, కానీ జిప్ టైలకి గైడ్ తీసేసి ఒక్కోటి వంకరగా చేత్తో గీశాను, అన్నీ సమానంగా ఉంటే పిల్ల కట్టుకున్నట్టు ఉండదు. ఇంకొకటి స్కైల్యాబ్ ఎపిసోడ్, 1979 జూలైలో నాసా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్ ముక్కలు వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ చుట్టుపక్కల పడితే చెత్త పారేసినందుకని అక్కడి కౌన్సిల్ నాసాకి 400 డాలర్ల జరిమానా రాసింది. షో అండ్ టెల్‌లో మిన్ను అది చెప్పగానే క్లాసులో ఎప్పుడూ దాంతో మాట్లాడని పిల్లాడు చెయ్యెత్తి మరి కట్టారా అని అడుగుతాడు, అక్కణ్ణుంచి వాళ్లిద్దరి స్నేహం మొదలవుతుంది. 2009లో అమెరికా రేడియో ప్రోగ్రామ్ నడిపే ఒకాయన శ్రోతల దగ్గర పోగుచేసి కట్టారు, ఆ జవాబు వెతకడానికి ఇద్దరూ లైబ్రరీకి వెళ్లడం తర్వాతి ఎపిసోడ్.

ఇప్పుడు కామిక్ పని. ప్రోక్రియేట్‌లో ప్యానెల్ టూల్ లేదు, డైలాగ్ బెలూన్ టూల్ లేదు. ప్యానెల్స్ మనమే గీసుకోవాలి, నేను తెల్ల లేయర్ ఒకటి పైన పెట్టి అందులో ప్యానెల్స్ ఉన్నచోట సెలెక్ట్ చేసి కత్తిరించేస్తా, కింద ఎలా గీసినా కత్తిరించిన కిటికీల్లోంచే కనబడుతుంది. ఈ ఫ్రేమ్ ఫైల్‌ని టెంప్లేట్‌లా దాచుకుని ప్రతి ఎపిసోడ్‌కీ డూప్లికేట్ చేసుకుంటే సరి. పేజ్ అసిస్ట్ అని ఒకటి ఉంది, ఒకే ఫైల్‌లో పేజీలు పేజీలుగా చూసుకోవచ్చు, చిన్న కథకి, స్టోరీబోర్డుకి బాగుంటుంది, ఒక్కో పేజీ ఒక్కో లేయర్ లేదా గ్రూపు కాబట్టి రంగులూ నీడలూ ఉన్న పెద్ద ఎపిసోడ్‌కి లేయర్లు త్వరగా అయిపోతాయి. లేయర్లు ఎన్ని దొరుకుతాయన్నది క్యాన్వాస్ ఎంత పెద్దది, మీ ఐప్యాడ్ మెమరీ ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది, క్యాన్వాస్ తయారుచేసేటప్పుడే ఎన్ని వస్తాయో చూపిస్తుంది, అక్కడే చూసుకుని మొదలుపెట్టండి. నిలువుగా స్క్రోల్ అయ్యే కామిక్‌కి వెడల్పు 800 పిక్సెల్స్ అడిగే చోట నేను 1600తో గీసి ఎక్స్‌పోర్ట్ అయ్యాక సగానికి తగ్గిస్తా, గీతలు నీట్‌గా ఉంటాయి. ఒక ఎపిసోడ్‌ని ఒకే పొడుగాటి క్యాన్వాస్ మీద గీయాలని చూడకండి, సీన్‌కో ఫైల్ చేసుకుని అన్నీ ఒక స్టాక్‌లో, అంటే ఫోల్డర్ లాంటిదాంట్లో, పెట్టుకోండి. ఇన్‌స్టాలో పెట్టేవాళ్లకి 1080 బై 1350 క్యాన్వాస్, దానికి రెట్టింపు సైజులో గీసుకుంటే చాలు. ఇది పిక్సెల్స్ యాప్ అని మర్చిపోవద్దు, చిన్నగా గీసి తర్వాత పెంచితే మసకబారుతుంది, పోస్టర్ గానీ పుస్తకం గానీ వేద్దామన్న ఆలోచన ఉంటే మొదటి నుంచే ప్రింట్ సైజులో, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉంచుకోండి.

తెలుగు అక్షరాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషులో ఉన్న ట్యుటోరియల్స్ ఏవీ మన ఇబ్బంది పట్టించుకోవు. టెక్స్ట్ టూల్ ఉంది, ఫాంట్లు మనవి ఇంపోర్ట్ చేసుకోవచ్చు, మండలి, రామభద్ర, లక్కిరెడ్డి లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు హాయిగా తెచ్చుకోవచ్చు. అసలు చిక్కు లైన్ల మధ్య దూరం దగ్గర వస్తుంది. ఆస్ట్రోనాట్ అని ఒక లైన్‌లో రాశారనుకోండి, సకి కింద టవత్తు, రవత్తు దిగుతాయి, కింది లైన్‌లో 'గీసింది' ఉంటే ఆ గుడులు పైకి లేస్తాయి, రెండూ గుద్దుకుంటాయి. ఇంగ్లీషు కామిక్స్‌లో లైన్లు దగ్గరగా పేరుస్తారు, అలా మనం పేరిస్తే చదవలేం. లీడింగ్, అంటే ఆ లైన్ల మధ్య దూరం, బాగా పెంచాలి, పెంచితే బెలూన్ పెద్దదవుతుంది, బెలూన్ పెద్దదైతే బొమ్మకి చోటు తగ్గుతుంది, కాబట్టి డైలాగ్ ముందు రాసి, బెలూన్‌కి చోటు వదిలి, ఆ తర్వాత మనుషుల్ని గీయాలి. మనకి క్యాపిటల్ లెటర్స్ లేవు కాబట్టి అరుపు గానీ ఒత్తి పలకడం గానీ సైజుతో, మందంతో చూపించుకోవాలి. నేను చేసేది ఏంటంటే మండలిలో టైప్ చేసి ఆ లేయర్‌ని బాగా పలచన చేసి, దాని మీద కొత్త లేయర్‌లో టెక్నికల్ పెన్‌తో చేత్తో రాస్తా. ఫాంట్ వల్ల వరస తప్పదు, చేతిరాత వల్ల అక్షరాలు బొమ్మలతో కలిసిపోతాయి. టీచర్ మాటలకి గుండ్రటి రాత, మిన్ను ఉత్సాహంలో ఉన్నప్పుడు తలకట్లు పైకి ఎగిరిపోయే రాత, అమ్మమ్మకి కాస్త పాతకాలపు నిండు రాత. టైపు చేసిన లేయర్‌ని మాత్రం చెరిపేయకండి, దాచండి, తర్వాత మాట మార్చాల్సి వస్తే పనికొస్తుంది. రోజుకో స్ట్రిప్ వేసేవాళ్లకి ఇంత ఓపిక ఉండదు, వాళ్లు ఫాంట్‌తో సరిపెట్టుకోవచ్చు.

చిన్న చిన్న యానిమేషన్లు కూడా చేసుకోవచ్చు, యానిమేషన్ అసిస్ట్ ఉంది, టోపీ గాలికి ఎగిరేదో, స్కూల్ బెల్ మోగేదో జిఫ్‌గా తీసి స్టేటస్‌లో పెట్టడానికి చాలు. గీసిందంతా టైమ్‌ల్యాప్స్ వీడియోగా అదే రికార్డ్ చేసుకుంటుంది, పిల్లలకి చూపిస్తే కామిక్ కంటే దాన్నే ఎక్కువసార్లు చూస్తారు.

జాగ్రత్త పడాల్సింది బ్యాకప్ దగ్గర. బొమ్మలన్నీ ఐప్యాడ్‌లోనే, యాప్ లోపలే ఉంటాయి, యాప్ తీసేస్తే బొమ్మలూ పోతాయి. ఎపిసోడ్ అయిపోగానే ప్రోక్రియేట్ ఫార్మాట్‌లోనే ఒక కాపీ బయట డ్రైవ్‌లోనో క్లౌడ్‌లోనో పెట్టుకోండి, జేపెగ్ ఒక్కటే దాచుకుంటే లేయర్లు ఉండవు, రేపు పుస్తకం వేద్దామంటే ఏం చేయలేం.

పెన్సిల్ కొనేటప్పుడు డబ్బు మిగుల్తుందని యూఎస్‌బీ సీ రకం యాపిల్ పెన్సిల్ తీసుకోకండి, దానికి ప్రెషర్ తెలియదు, నొక్కినా నొక్కకపోయినా గీత ఒకేలా వస్తుంది, గీత లావు సన్నాలతోనే మొహం నడిచే కామిక్‌కి అది అస్సలు పనికిరాదు. మామూలు ఐప్యాడ్ ఉన్నవాళ్లు మొదటి జనరేషన్ పెన్సిల్, కొత్త ఎయిర్ గానీ ప్రో గానీ ఉన్నవాళ్లు తమ మోడల్‌కి సరిపోయే సెకండ్ జనరేషన్ లేదా పెన్సిల్ ప్రో చూసుకోవాలి, ఏది దేనికి పనిచేస్తుందో కొనేముందు యాపిల్ వాళ్ల పేజీలో సరిచూసుకోండి. సెకండ్ హ్యాండ్ ఐప్యాడ్ అయినా చాలు, ఖర్చు స్టోరేజీ మీద పెట్టండి.

వేరేవాటి సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. క్లిప్ స్టూడియో పెయింట్‌లో ప్యానెల్ టూల్, బెలూన్ టూల్, ఈఎక్స్ వెర్షన్‌లో పేజీలన్నీ కలిపి చూసుకునే సౌకర్యం ఉన్నాయి, కామిక్ అనే పనికి అదే ఎక్కువ సిద్ధంగా ఉంటుంది, కానీ ఐప్యాడ్ మీద చందా కట్టాలి, మెనూలు బోలెడు, గీయడం కంటే వెతుక్కోవడం ఎక్కువ అవుతుంది మొదట్లో. వారం వారం ఎపిసోడ్ వేయాలి, వందల ప్యానెల్స్ ఉన్నాయి అంటే అదే మంచిది. నా కథలో ఎపిసోడ్‌కి ప్యానెల్స్ తక్కువ, ఒక్కో మొహం మీద ఎక్కువసేపు కూచుంటాను, నాకు ప్రోక్రియేట్ సరిపోయింది. అయిదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర ప్యానెల్ టూల్ కోసం పట్టుకున్నా.

ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉన్నవాళ్లకి ప్రోక్రియేట్ రాదు, ఐఫోన్‌కి ప్రోక్రియేట్ పాకెట్ అని వేరే యాప్ ఉంది, అది విడిగా కొనాలి. కంప్యూటర్, గీసే ట్యాబ్లెట్ ఉంటే క్రిటా పూర్తిగా ఉచితం, అందులో కామిక్ పేజీలు చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఆండ్రాయిడ్‌లో అయితే మెడిబ్యాంగ్‌తో మొదలుపెట్టండి, ప్యానెల్ టూల్ ఉంది, ఫ్రీగా దొరుకుతుంది, మొదటి ఎపిసోడ్ గీయడానికి ఏ లోటూ ఉండదు.